మాంచెస్టర్ చూడ్డానికి సీనియర్ సిటిజన్ స్కీమ్ డబ్బు తీయాలా?

ప్రశ్న: మాది చీరాల. నేను రిటైరైన టీచర్ని, వయసు 63. ఆవిడకు 59. పెన్షన్ 42 వేలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు వేసి 13 నెలలైంది. ఆ వడ్డీ ఇంటి ఖర్చుకు వాడటం లేదు. ఇంకో 4 లక్షల ఎఫ్‌డీ వచ్చే మార్చిలో మెచ్యూర్ అవుతుంది. మా నాన్న మగ్గం నేసేవారు. మాంచెస్టర్ మిల్లు గుడ్డ మన నేతగాళ్ల పొట్ట కొట్టిందని వింటూ పెరిగాను. ఆ ఊరు ఒక్కసారి కళ్లారా చూడాలని ఉంది. వచ్చే జూన్‌కి మా పెళ్లై 35 ఏళ్లు. ఏజెంటు వారం రోజుల ప్యాకేజీకి ఇద్దరికీ 5.8 లక్షలు చెప్పాడు. నెలాఖరులోగా 50 వేలు అడ్వాన్సు కట్టాలట, అది తిరిగి ఇవ్వరట. స్కీమ్‌లోంచి తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: మాస్టారూ, తప్పకుండా వెళ్లండి. కానీ స్కీమ్ జోలికి పోవద్దు, లోన్ అసలే వద్దు, ఏజెంటు ప్యాకేజీ కూడా వద్దు.

ఆ స్కీమ్‌లోంచి కావలసినంతే తీసి మిగతాది ఉంచడం కుదరదు. ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటాక రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు, అంటే మీకు 22,500 రూపాయలు పోతాయి. పైగా 8.2 శాతం వడ్డీ ఆగిపోతుంది. మూడు నెలలకోసారి మీ ఖాతాలో పడే 30,750 రూపాయలే ఈ ప్రయాణానికి ఆధారం, దాన్ని చేజేతులా పోగొట్టుకోకండి. ఇక లోన్ అంటే, వారం రోజుల ముచ్చటకు మీ పెన్షన్‌లోంచి ఏళ్ల తరబడి ఈఎంఐ కట్టాలి. ఈ వయసులో ఆ టెన్షన్ మీకెందుకు?

ఇప్పుడు ఊరి సంగతి. మాంచెస్టర్‌లో మీరు చూడాలనుకునేవాటిలో ముఖ్యమైనవి చాలావరకు ఉచితం. సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు. అది ఉన్నది 1830లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు మార్గం మొదలైనప్పటి పాత స్టేషన్‌లో. లోపల దూది ఏకడం దగ్గర్నుంచి నేత దాకా మిల్లు యంత్రాలున్నాయి. ఆసు పోయడం, పడుగు, పేక ఇంట్లో చూసి పెరిగిన మీకు అక్కడ గైడ్ చెప్పేదానికంటే ఎక్కువే అర్థమవుతుంది. ఒక పూట కాదు, ఒక రోజంతా అక్కడే ఉంచుకోండి. ప్యాకేజీ బస్సయితే గంటలో ఎక్కమంటుంది, నేను ప్యాకేజీ వద్దనడానికి సగం కారణం అదే.

రాయల్ ఎక్స్ఛేంజ్‌కి కూడా వెళ్లండి. ఒకప్పుడు నూలు, గుడ్డల బేరం జరిగిన హాలు అది, ఇప్పుడు థియేటర్. పైన గోడ మీద ధరల బోర్డు ఉంటుంది, తల ఎత్తి చూడండి. 1968లో వ్యాపారం ఆగిపోయిన రోజు ఏ ధరలు ఉన్నాయో అవే ఇప్పటికీ ఉన్నాయి. మన వైపు పెద్దవాళ్లు సీమ గుడ్డ, గ్లాస్కో పంచె అనేవారే, ఆ వ్యాపారానికి గుండెకాయలాంటి చోటు అది. మీ నాన్నగారిని తలుచుకుంటూ అక్కడ కాసేపు నిలబడండి.

జాన్ రైలాండ్స్ అనే బట్టల వ్యాపారి పేరిట ఆయన భార్య కట్టించిన లైబ్రరీ కూడా ఉచితమే. 1653 నాటి చీథమ్స్ లైబ్రరీకి మాత్రం టూర్ టికెట్ కొనాలి. 1845లో మార్క్స్, ఎంగెల్స్ కూర్చుని చదువుకున్న కిటికీ పక్క బల్ల అక్కడే ఉంది. టౌన్ హాల్‌ను 2018లో మరమ్మతులకు మూశారు, వెళ్లేముందు తెరిచారో లేదో చూసుకోండి. ఊరి మధ్యలో తిరగడానికి ఉచిత బస్సు ఉంది.

నా అంచనా ఇదీ. పౌండు 125 రూపాయలనుకుని, కాస్త పైకే వేశాను. దుబాయో దోహాయో మీదుగా విమానం ఇద్దరికీ లక్షన్నర. వీసాలు 32 వేలు. మామూలు హోటల్ ఏడు రాత్రులకు 75 వేలు. తిండి, లోకల్ తిరుగుడు 60 వేలు. రైళ్లు 15 వేలు, ఇన్సూరెన్స్ 12 వేలు. చేతిలో ఉంచుకోవడానికి ఇంకో 36 వేలు. మొత్తం 3.8 లక్షలు.

ఇందులో స్కీమ్ మీద ఏడాది వడ్డీ 1,23,000 వస్తుంది. పెన్షన్‌లో నెలకు 12 వేలు పక్కన పెడితే 1,44,000. మిగిలిన 1,13,000 మార్చిలో వచ్చే ఎఫ్‌డీలోంచి తీసుకుని, తక్కింది మళ్లీ డిపాజిట్ చేసేయండి. 15 లక్షలు చెక్కుచెదరవు.

ప్యాకేజీ కొంటే మొత్తం ధర మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్లు ఒకచోట, హోటల్ ఇంకోచోట మీరే బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందకు రాదు. అక్కడ కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటులో బాదేస్తారు.

పొదుపు చేయకూడనిది ఒక్కటే, ఇన్సూరెన్స్. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేరాల్సి వస్తే బిల్లు కట్టాల్సిందే, అది మామూలు బిల్లు కాదు. మీ ఇద్దరిలో ఎవరికైనా బీపీ, షుగర్ ఉంటే ప్రీమియం పెరుగుతుందని దాచకండి. దాస్తే క్లెయిమ్ దగ్గర చేతులెత్తేస్తారు. మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి.

వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కాబట్టి మీకు మార్చి. అప్లై చేసే వారంలో ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో పెద్ద మొత్తం వేయకండి, అదెక్కడిదని అనుమానిస్తారు. నెలనెలా పడే పెన్షన్, మూడు నెలలకోసారి పడే వడ్డీ కనిపించే స్టేట్‌మెంట్ చాలు. ఎఫ్‌డీ మెచ్యూర్ అయిన కాగితం కూడా జత చేయండి. వీసా చేతికొచ్చాకే విమానం టికెట్లు కొనండి.

ఏజెంటుకు ఆ 50 వేలు కట్టకండి. ఈ వారంలో ఇద్దరి పాస్‌పోర్టులు తీసి గడువు తేదీలు చూడండి. వచ్చే ఏడాది ముగిసేలోపు అయిపోయేటట్టుంటే రెన్యువల్‌కు ఇప్పుడే పెట్టేయండి.