హోమ్‌లో పెరిగే అమ్మాయి కోసం నెలకు ఐదు వేలు: ఎలా దాచాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో టీచర్‌ని. ఆదివారాలు ఇక్కడి బాలికల హోమ్‌కి వెళ్లి లెక్కలు చెబుతుంటాను. అక్కడ ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరున్నారు. ఈమధ్యే 16 నిండాయి. నా అన్నవాళ్లెవరూ లేరు. ఆమె కోసం నెలకు రూ. 5,000 తీయగలను, మావారికీ ఇష్టమే. తెలిసిన ఏజెంట్ ఆమె పేరున పాలసీ కట్టమంటున్నారు. లేదా నెలనెలా ఆమె చేతికే ఇచ్చేయనా? – ఒక పాఠకురాలు

జవాబు: పాలసీ వద్దండి. మీరు ఆమె తల్లి కాదు, చట్టప్రకారం గార్డియన్ కాదు. అందుకే ఆమె పేరున పాలసీ గానీ, పీపీఎఫ్ గానీ మీరు తీసుకోలేరు. సుకన్య సమృద్ధి పదేళ్లలోపు పిల్లలకే. పైగా ఆమెకు డబ్బు అవసరం పడేది ఇరవై ఏళ్ల తర్వాత కాదు, 18 నిండి హోమ్ గడప దాటిన వారం నుంచే.

చేతికివ్వడం అసలే వద్దు. మీ మనసు మీద నాకు అనుమానం లేదు. కానీ పెద్దవాళ్లు చాటుగా ఇచ్చే డబ్బు తీసుకోవడం హోమ్ పిల్లలకు అలవాటు కాకూడదు. రేపు ఇంకొకరు ఇస్తారు, బదులుగా ఇంకేదో అడుగుతారు, అప్పుడు ఎవరికీ చెప్పుకోలేక ఆ పిల్ల నలిగిపోతుంది. పెన్ను కొనిచ్చినా సూపరింటెండెంట్‌కు చెప్పి, రిజిస్టర్‌లో రాయించండి. ఆమె ఫొటో మీ స్టేటస్‌లో పెట్టకండి, హోమ్ పిల్లల వివరాలు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కింద నేరం. ఎప్పుడైనా అక్కడ ఇబ్బందిగా ఉందని ఆమె మీతో అంటే, నచ్చజెప్పి ఊరుకోకండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, హోమ్ పిల్లల బాగోగులు చూసే బాలల సంక్షేమ సమితికీ చెప్పండి.

ఇక డబ్బు సంగతి. మీ పేరునే బ్యాంకులో 24 నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే చివరికి సుమారు రూ. 1,28,000 అవుతుంది. వడ్డీ మీద పన్ను మీరే కట్టాలి. ఈ రెండేళ్ల కోసం మ్యూచువల్ ఫండ్ జోలికి వెళ్లొద్దు.

మొత్తం ఒకేసారి ఇవ్వకండి. చేతిలో లక్ష ఉందని తెలిస్తే ఎక్కడి నుంచో చుట్టరికాలు పుట్టుకొస్తాయి. ముందు 40,000 ఇవ్వండి: హాస్టల్ అడ్వాన్సు, మొదటి నెల ఫీజు, డిగ్రీ అడ్మిషన్, పరుపు, బకెట్ దాకా అన్నీ కొత్తగా కొనుక్కోవాలి కదా. మిగతా 88,000 నెలకు 4,000 చొప్పున 22 నెలలు ఆమె ఖాతాలో వేయండి. బంధువు కానివారి నుంచి ఏడాదికి 50,000 దాటి వస్తే ఆ మొత్తం ఆమె ఆదాయం కింద లెక్క. వేరే సంపాదన లేదు కాబట్టి పన్ను పడదు. గిఫ్ట్ అని ఒక కాగితం రాసి ఉంచుకోండి, చాలు.

మీ డబ్బు కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. హోమ్ నుంచి బయటికొచ్చే పిల్లలకు 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఆఫ్టర్‌కేర్ సాయం, అంటే సొంతంగా నిలదొక్కుకునే దాకా ప్రభుత్వ తోడ్పాటు, ఉంటుంది. పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద అది నెలకు రూ. 4,000. బయటికి రావడానికి రెండు నెలల ముందే ఆమెకేం కావాలో ప్రణాళిక రాసి బాలల సంక్షేమ సమితికి పంపాలని నిబంధన. ఆ కాగితం ఎవరు రాస్తున్నారు, ఎప్పుడు పంపుతున్నారు అని 17 నిండగానే అడగడం మొదలుపెట్టండి. నాకు తెలిసి ఇలా వెంటపడే మనిషి లేకే చాలామందికి ఆ సాయం అందదు.

ఆమెకు సొంత సేవింగ్స్ ఖాతా ఉందో లేదో కనుక్కోండి. పదేళ్లు దాటిన పిల్లలు తామే ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతి ఉంది. ఖాతా ఉంటే దానికి, ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ ఇచ్చారో చూడమనండి. హోమ్ ఆఫీసు నంబర్ ఉంటే, ఆమె బయటికొచ్చాక కూడా ఓటీపీ అక్కడికే పోతుంది. సెలవు రోజున ఫీజు కట్టాలంటే అందరినీ బతిమాలుకోవాలి. 18 నిండగానే నంబర్ మార్పించి, కొత్త సంతకంతో కేవైసీ చేయించండి. అదే రోజు ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమాకీ సంతకం పెట్టించండి.

మీ ఆర్‌డీకి మీవారినే నామినీగా పెట్టండి. ఆ డబ్బు ఎవరి కోసమో, ఎలా ఇవ్వాలో మీ వీలునామాలో ఒక పేరాగా చేర్చండి.