ఫార్ములాలన్నీ వచ్చినా త్రికోణమితి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే

సర్వసమీకరణాలన్నీ కంఠతా వచ్చు, అయినా 'సూక్ష్మీకరించండి' అనగానే మొదటి అడుగు తోచడం లేదని అడిగారు. స్కూల్లో నాకూ సరిగ్గా ఇదే ఇబ్బంది. ఫార్ములాలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను. పరీక్షలో మాత్రం వాటిలో ఏది వాడాలో తేల్చుకునేసరికి టైమ్ అయిపోయేది, టెన్షన్ పెరిగిపోయేది. చాలా ఏళ్ల తర్వాత మా అక్క కొడుక్కి లెక్కలు చెప్పేటప్పుడు, నిజంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత తక్కువో తెలిసింది.

సైన్² + కాస్² = 1. అంతే. (కోణం అన్నిచోట్లా థీటాయే కాబట్టి విడిగా రాయడం లేదు.) ఇది పైథాగరస్ సిద్ధాంతమే: లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజం వర్గానికి ఆసన్న భుజం వర్గం కలిపితే కర్ణం వర్గం వస్తుంది కదా, దాన్నంతా కర్ణం వర్గంతో భాగించండి. వచ్చిన దాన్ని కాస్²తో భాగిస్తే టాన్² + 1 = సెక్². సైన్²తో భాగిస్తే 1 + కాట్² = కోసెక్². మరిచిపోయినా పది సెకన్లలో మళ్లీ రాబట్టుకోవచ్చు.

మావాడు ఆగిపోయిన లెక్క ఇది:

కాస్ / (1 − సైన్) − టాన్

టాన్‌ను సైన్ / కాస్‌గా మార్చి, హారాలు ఒకటి చేశాడు. లవంలో కాస్² − సైన్ + సైన్² వచ్చింది, హారంలో కాస్ × (1 − సైన్). అక్కడితో పెన్సిల్ ఆగిపోయింది. రెండు వర్గాలూ కళ్లెదుటే ఉన్నాయి, కానీ మధ్యలో సైన్ అడ్డుగా కూర్చుంది. "వర్గాలు రెండూ పక్కపక్కన రాయి" అన్నాను. కాస్² + సైన్² − సైన్ అని రాయగానే "ఒకటి!" అన్నాడు. లవం 1 − సైన్ అయింది, హారంలోని 1 − సైన్‌తో కొట్టేస్తే మిగిలింది 1 / కాస్, అంటే సెక్.

అప్పటి నుంచి నేను చెప్పేది ఒకటే: ఫార్ములా కోసం వెతకొద్దు, ఆ 1 ఎక్కడ దాక్కుందో వెతకండి. హారంలో 1 − సైన్ కనిపిస్తే పైనా కిందా 1 + సైన్‌తో గుణించినా పనవుతుంది, ఎందుకంటే 1 − సైన్² అంటే కాస్²యే.

ఏమీ తోచనప్పుడు అన్నిటినీ సైన్, కాస్‌లలోకి మార్చడం మంచి పద్ధతే. కానీ ప్రతిసారీ అదే దగ్గరి దారి కాదు. సెక్⁴ − టాన్⁴ చూడండి. మార్చడం మొదలుపెడితే పేజీ నిండుతుంది. వర్గాల భేదంగా విడగొడితే (సెక్² − టాన్²)(సెక్² + టాన్²), మొదటి బ్రాకెట్ విలువ 1. జవాబు 1 + 2 టాన్². అందుకే మార్చే ముందు ఒక్క క్షణం ఆగి, కారణాంకాలు పడతాయేమో చూడాలి.

నేను పదేపదే చేసిన తప్పు √(1 − సైన్²)ను 1 − సైన్ అని రాయడం. 30 డిగ్రీలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది: మొదటిది √3/2, రెండోది 1/2. జవాబు వచ్చాక ఇలా ఒక కోణంతో సరిచూసుకోండి, అర నిమిషం పని. 45 డిగ్రీలు మాత్రం వద్దు. అక్కడ సైన్, కాస్ సమానం కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి రాసినా తప్పు కనబడదు.

ఇప్పుడు (సెక్ − టాన్)(1 + సైన్) చేసి చూడండి. కాస్ రావాలి. మధ్యలో ఆగిపోతే, ఆగిన లైను ఉన్నదున్నట్టు రాయండి, అక్కడి నుంచి చూద్దాం.