‘త్వరలో’ అని మాత్రం రాయకు తల్లీ

విజయవాడ

చి.సౌ. అమ్ములుకి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న వాట్సాప్‌లో నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. ఇప్పటిదాకా ఏం చేశావో, ఇకమీదట ఏది ముందు చెయ్యబోతున్నావో డివిజన్ జనానికి ఉత్తరం రాయాలనుకోవడం చాలా మంచి ఆలోచన. ఓట్లప్పుడు కరపత్రం వేసేవాళ్లే కానీ మధ్యలో పిలిచి లెక్క చెప్పే కార్పొరేటర్లు తక్కువ. నీకా బుద్ధి పుట్టినందుకు కడుపు నిండినట్టయింది. కానీ ఆ కాగితం అలాగే పంచొద్దమ్మా. మొదటి పేజీ అంతా ఫొటోలే. రెండో పేజీలో ‘సమగ్రాభివృద్ధి’ అన్న మాట నాలుగుచోట్ల ఉంది. కొండ మీద పై వరస ఇళ్లకి నీళ్లెప్పుడు అందుతాయో ఎంత వెతికినా కనబడలేదు.

నొచ్చుకోకు. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదని చెబుతున్నాను.

1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో మున్సిపాలిటీల్లో ఆడవాళ్లకి మూడో వంతు సీట్లు కేటాయించారు. ఆ వరసలోనే నేనూ కార్పొరేటర్నయ్యాను. మా డివిజన్‌లో ఒక సందుంది. అందులో సైడు కాలవ మీద పలకలు లేవు, చీకటి పడితే పిల్లలూ ముసలాళ్లూ అందులో పడేవాళ్లు. ‘త్వరలో పలకలు వేయిస్తాము’ అని కరపత్రంలో అచ్చు వేయించాను. అబద్ధం కాదు, పని టెండరు దాకా వెళ్లింది. తీరా కాంట్రాక్టరు పాత బిల్లులు రాలేదని పని మొదలుపెట్టలేదు. ఆ సంగతి సందులోకి వెళ్లి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ వైపు వెళ్లడమే తగ్గించాను. మూడో ఏడు ఇంటిపన్ను గురించి మాట్లాడదామని వెళ్తే ఒక పెద్దావిడ లోపలికెళ్లి పన్ను రసీదులు దాచుకునే ప్లాస్టిక్ కవరు తెచ్చింది. రసీదుల మధ్య నాలుగు మడతలు పెట్టిన నా కరపత్రం. మడతల దగ్గర అచ్చు చెరిగిపోయింది. ‘త్వరలో’ అన్న మాట మీద వేలు పెట్టి, “ఇది ఎప్పుడొచ్చుద్దమ్మా?” అని అడిగింది. కోపం లేదు, దెప్పిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆ వేలు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మన కాగితాన్ని జనం అలా దాచుకుంటారమ్మా. అందుకే పని ఎక్కడిదాకా వచ్చిందో ఆ మాటే రాయి. ఇంజినీరు (ఏఈ) వచ్చి కొలతలు తీసుకుని ఎస్టిమేట్ వేశారా? కౌన్సిల్లో పాసయిందా? టెండరు పిలిచారా? వర్క్ ఆర్డర్ ఇచ్చారా? జనానికి ఇవన్నీ అర్థం కావనుకోకు. ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ప్లాను పాసవడానికీ శ్లాబు పడటానికీ మధ్య ఎంత దూరముందో తెలుసు. టెండరుకి ఎవరూ రాకపోతే రాలేదని రాసెయ్యి, మళ్లీ ఏ నెలలో పిలుస్తారో అది కూడా రాయి. ఆగిపోయిందని నీ నోటితో వింటే ఓర్చుకుంటారు. నువ్వు దాచావని తెలిస్తే మాత్రం ఓర్చుకోరు.

ఇక ఏది ముందు అన్న సంగతి. నీ కాగితంలో పదమూడు ‘ప్రాధాన్యతలు’ ఉన్నాయి. పదమూడింటినీ ముందు చేస్తానంటే ఏదీ ముందు చెయ్యనన్నట్టే కదా. మూడు పెట్టుకో. ఆ మూడూ ఆఫీసులో కూర్చుని ఎంచకు. తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకి కొండెక్కు. కృష్ణ నుంచి తోడి శుభ్రం చేసిన నీళ్లు కింద ట్యాంకుకి వస్తాయి, అక్కణ్ణుంచి మోటార్లతో పైకి ఎక్కించాలి. దారిలో కింది ఇళ్లవాళ్లు కుళాయి గొట్టానికే మోటారు తగిలించి లాగేస్తే పైన గాలి తప్ప రాదు. మెట్ల చివరి కుళాయి దగ్గర బిందె పెట్టి, అది నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వాచీ చూసుకో. వాల్వు తిప్పే కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడుగు, ఏ లైను ఎక్కడ కారుతోందో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వారం తర్వాత మళ్లీ వెళ్లి చూడు. అప్పుడు నీ ఉత్తరంలో ఇలా రాయగలుగుతావు:

“పై వరస ఇళ్ల దగ్గర నేను రెండు రోజులు నిలబడి చూశాను. బిందె నిండటానికి తొమ్మిది నిమిషాలు పడుతోంది. పదో బిందె నిండకముందే నీళ్లు ఆగిపోతున్నాయి. పైకి వేరే లైను వెయ్యడానికి ఎస్టిమేట్ వేయించాను, వచ్చే కౌన్సిల్ మీటింగులో పెట్టిస్తున్నాను. అది పాసయ్యేదాకా పై వరసకి ముందు, కింది వరసకి తర్వాత నీళ్లు వదలమని అడిగాను. కింది వరసవాళ్లు ఆ గంటలో మోటార్లు పెట్టొద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.”

ఇది చదివిన పై వరసావిడకి నువ్వు తన మెట్టు మీద నిలబడ్డావని తెలుస్తుంది. కింది వరసాయనకి తన మోటారు సంగతి నీకు తెలుసని తెలుస్తుంది. రెండూ కావాలి.

రెండోది కొండ గోడ. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి మనుషులు పోయిన సంగతి నీకు చెప్పక్కర్లేదు. మన ఊళ్లో కొండల మీద ఇల్లున్న ప్రతివాళ్లూ ఆ రాత్రి నిద్రపోలేదు. రాళ్ల మధ్య మట్టి తడిసి జారడానికి వాన ఒక్కటే చాలు. దానికి తోడు పై ఇళ్ల వాడుకనీళ్లు కాలవ లేక ఏడాది పొడుగునా ఆ మట్టిలోకే ఇంకుతుంటాయి. అందుకని గోడ ఒక్కటే అడగకు, గోడతో పాటు పైన నీళ్లు పోయే కాలవ కూడా అడుగు. ఇది పదీ పదిహేను ఇళ్ల పని, కింద సిమెంటు రోడ్డు రెండొందల ఇళ్ల పని. ఓట్లు లెక్కపెట్టేవాళ్లు రోడ్డు ముందు వెయ్యమంటారు. నువ్వు గోడ ముందు పెట్టు, ఎందుకు పెట్టావో రోడ్డు అడిగేవాళ్లకి ఉత్తరంలోనే చెప్పు. “మీ రోడ్డు ఈ ఏడాది కాదు, గోడ పడితే ప్రాణాలు పోతాయి కాబట్టి డబ్బు అటు పెట్టమని అడిగాను” అని. కాదన్న పనులు కూడా పేరు పేరునా రాయాలి. ఇది రాయడానికే చెయ్యి వణుకుతుంది, అయినా రాయి. రోడ్డు రానివాళ్లు నాలుగు రోజులు తిడతారు. ఆ తర్వాత నువ్వు ఔనన్న మాటని నమ్మడం మొదలుపెడతారు.

మూడోది ఏదో నువ్వే తేల్చుకో, నీ డివిజన్ నీకే తెలుసు. వీధి దీపాలు, చెత్త బండి వేళలు ఉత్తరంలో పెట్టకు. అవి ఫోన్లో తేలే పనులు.

మన చేతిలో లేనివి కూడా చెప్పాలి. కరెంటు తీగలు విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్‌వి. పింఛను, కొండ మీద ఇళ్ల పట్టాలు ప్రభుత్వం చూసుకోవాల్సినవి. హైవే, రైల్వే గేట్లు ఢిల్లీవాళ్లవి. బుడమేరు వాగు జలవనరుల శాఖది. వీటి మీద మాట ఇవ్వకు. అలాగని “అది నా పరిధి కాదు” అని తలుపెయ్యనూ వెయ్యకు. ఎవరికి అర్జీ పెట్టావో, ఏ తేదీన పెట్టావో రాయి. సోమవారం అర్జీల రోజున నీతో ఎవరైనా వస్తే వెంటపెట్టుకుని వెళ్లు.

బుడమేరు పేరెత్తితే నాకు మా సింగ్ నగర్ ఇల్లే గుర్తొస్తుంది. 2024 సెప్టెంబరు 1న కింది వాటా మునిగి మేము మేడ మీద ఉన్నాం కదా. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కుల పైన పోతోంది. మా వీధిలో చాలామంది కృష్ణే వచ్చి ముంచిందనుకున్నారు. అసలు పైన బుడమేరు కట్టకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. బుడమేరు నీళ్లు కృష్ణలోకి మళ్లించే కాలవ ఉంది కానీ, కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ రోజుల్లో కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, తాగే నీళ్లు లేవు. మూడో రోజు పొద్దున ఒక కుర్రాడు ఛాతీ లోతు నీళ్లలో నడుచుకుంటూ వీధి మొత్తం వినబడేట్టు అరుస్తూ వెళ్లాడు: “మంచినీళ్ల ట్రాక్టరు ఫ్లైఓవర్ దగ్గరే ఆగుద్ది, లోపలికి రాదు! ఎదురుచూడొద్దు, ఎవరో ఒకళ్లు బయల్దేరండి!” రాదన్న మాటే, కానీ ప్రాణం లేచొచ్చింది. పక్కింటి అబ్బాయిలు ఇద్దరు ఖాళీ డబ్బాలు తీసుకుని బయల్దేరారు. ఆ కుర్రాడెవరో నాకు తెలియదు. నువ్వు రాసే ఉత్తరం వాడి కేకలా ఉండాలని నా కోరిక.

డబ్బు సంగతి. డివిజన్‌లో ఇంటిపన్ను ఎంత రావాలి, ఎంత వచ్చింది, మన పనులకి ఎంత కేటాయించారు, ఈ మూడూ అంకెల్లో రాయి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు ఇస్తారు, అది చాలామందికి తెలియదు. ఉత్తరం మార్చిలో ఇంటికి చేరితే ఆ ఒక్క వాక్యమే వాళ్లకి డబ్బు మిగులుస్తుంది.

భాష గురించి ఒక మాట. రాసినదాన్ని పైకి చదువు. ‘చేపట్టడం జరిగింది’ అని వచ్చినచోటల్లా ఎవరు చేశారో పెట్టి తిరిగి రాయి. రెండు వైపులా ఒకే కాగితం, పెద్ద అక్షరాలు. ఫొటో కావాలంటే గోడ పడబోతున్నచోట తీసింది పెట్టు. వార్డు సచివాలయంలో బోర్డు మీద అంటించు, డివిజన్ వాట్సాప్ గ్రూపులో పెట్టు, కానీ అక్కడితో ఆగకు. చదువురానివాళ్లుంటారు. నీ గొంతుతోనే చదివి ఆడియో పంపు. ఆదివారం సాయంత్రం మెట్ల మొదట్లో రామాలయం అరుగు మీద కూర్చుని చదివి వినిపించు. తిట్టేవాళ్లని మొదట మాట్లాడనివ్వు.

చివరిగా ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. నీ కాగితం కింద మీ ఆయన ఫోన్ నంబరు ఉంది. అల్లుడు మంచివాడు, నీకు చేదోడుగా ఉంటున్నాడు, సంతోషం. అయినా ఆ నంబరు తీసెయ్యి. నా కాలంలో కౌన్సిల్లో నేను లేచి మాట్లాడుతుంటే “అమ్మా, సారు రాలేదా?” అని అడిగినవాళ్లున్నారు. మీ పెదనాన్న ఒక్కరోజు కూడా నా బదులు సంతకం చెయ్యలేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్లవి. గెలిచింది నువ్వు, కౌన్సిల్లో చెయ్యెత్తేది నువ్వు. ఆ నంబరు నీదై ఉండాలి, ఫోను ఎత్తేది నువ్వై ఉండాలి, అర్ధరాత్రి కొండ మీద రాయి కదిలిందని మోగినా సరే.

వచ్చే ఆదివారం కొత్త చిత్తుప్రతి పట్టుకుని రా. అచ్చుకి ఇవ్వకముందు ఇద్దరం కొండెక్కి, పై వరస కుళాయి దగ్గర కూర్చుని అక్కడివాళ్లకి చదివి చూద్దాం. నా మోకాళ్లు సహకరించవని మానెయ్యకు, నిదానంగా ఎక్కుతాను.

ఇట్లు
మీ పెద్దమ్మ