జాబితాలు బట్టీ పడితే ఇంగ్లీషు పదాలు నిలుస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఐదో తరగతి వరకు తెలుగు మీడియం, ఆరు నుంచి ఇంగ్లీషు మీడియం. క్లాట్ (న్యాయ విద్య ప్రవేశ పరీక్ష) రాసి లాయర్ కావాలన్నది ఆమె కోరిక. రోజుకు ఇరవై పదాలు స్పెల్లింగులతో సహా బట్టీ పట్టిస్తున్నాను, కానీ వారం తిరిగేసరికి సగం మరచిపోతోంది. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, సూర్యాపేట జిల్లా

జవాబు: ముందుగా ఆ ఇరవై పదాల జాబితాను పక్కన పెట్టించండి. లోపం మీ అమ్మాయి జ్ఞాపకశక్తిలో లేదు. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను కంఠస్థం చేస్తూ తన మీదే ప్రయోగాలు చేసుకొని, మళ్లీ చదవకపోతే ఒకటి రెండు రోజుల్లోనే చాలా భాగం చెదిరిపోతుందని 1885లోనే చూపించారు. వాక్యమూ సందర్భమూ లేకుండా వరుసగా అప్పజెప్పే ఇంగ్లీషు పదాలు మన పిల్లలకు ఇంచుమించు అటువంటి అక్షర సముదాయాలే.

పైగా ఆమె రాయదలచిన పరీక్షకు కూడా ఈ బట్టీ పనికిరాదు. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో ప్రవేశానికి జరిపే క్లాట్‌లో 120 ప్రశ్నలుంటాయి. ఇంగ్లీషు విభాగంలో సుమారు 450 పదాల గద్యభాగాలిచ్చి, ఫలానా పదాన్ని అక్కడ ఏ అర్థంలో వాడారో అడుగుతారు. న్యాయ, తర్క విభాగాల్లోనూ గద్యం చదివి గ్రహించవలసిందే. అంటే వాక్యంలో పదాన్ని గుర్తుపట్టే అలవాటు కావాలి, అది జాబితాతో రాదు.

ఆ అలవాటుకు కొత్త పుస్తకాలు కొననవసరం లేదు. ఇంగ్లీషు మాధ్యమాన్ని విస్తరించినప్పుడు ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి, తెలంగాణ 2022-23 నుంచి, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను అందిస్తున్నాయి. ఇంత మంచి సాధనాన్ని చాలా ఇళ్లలో పరీక్షల ముందు తెలుగు వైపు అర్థం చూసుకోవడానికి మాత్రమే వాడుతున్నారని నాకు బాధగా ఉంటుంది. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట మీ అమ్మాయికి తెలుగులో తెలుసు. 'ఫొటోసింథసిస్' కూడా అదే పద్ధతిలో అల్లిన మాట: 'ఫొటో' అంటే వెలుగు, 'సింథసిస్' అంటే సంయోగం. ఈ విభజన ఒకసారి తెలిస్తే ఆ పొడవైన స్పెల్లింగు రెండు చిన్న ముక్కలవుతుంది, 'ఫొటోగ్రాఫ్' కూడా దానితోపాటే వస్తుంది. ఉపసర్గలు మార్చితే ఆహారం, విహారం, సంహారం అయినట్టే ఇంగ్లీషులోనూ పదాలు కుటుంబాలుగా ఉంటాయి కాబట్టి నోటుపుస్తకంలో ఒక్కో పదాన్ని కాక ఒక్కో కుటుంబాన్ని, పాఠంలో అది వచ్చిన వాక్యంతో సహా రాయించండి. రోజుకు ఐదారు పదాలు చాలు. వాటిని మరునాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూడాలి.

పాఠాల చివరి ప్రశ్నల్లో వచ్చే క్రియాపదాలను మొదట నేర్పించండి. 'డిఫైన్' అంటే నిర్వచించమని, 'డిస్టింగ్విష్' అంటే భేదాలు చెప్పమని, 'జస్టిఫై' అంటే కారణాలతో సమర్థించమని తెలియక, వచ్చిన జవాబును కూడా తప్పుగా రాసి మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఎందరో ఉన్నారు.

ఇక స్పెల్లింగు. తెలుగులో పలికినట్టే రాస్తాం కనుక మన పిల్లలు ఇంగ్లీషునూ చెవితోనే రాయబోతారు. ఇంగ్లీషులో ఊనిక (పలికేటప్పుడు ఒత్తి చెప్పడం) లేని అచ్చులన్నీ దాదాపు ఒకేలా వినిపిస్తాయి, కొన్ని హల్లులు అసలే వినిపించవు. అలాంటి చోట చెవిని కాక పదం పుట్టుకను ఆశ్రయించాలి. 'గవర్నమెంట్'లో మధ్య ఎన్ వదిలేసే పిల్లలు 'గవర్న్'కు 'మెంట్' చేరిందని తెలుసుకుంటే మళ్లీ వదలరు. 'సైన్'లో వినపడని జి 'సిగ్నేచర్'లో స్పష్టంగా వినపడుతుంది. అప్పు అనే అర్థమిచ్చే 'డెట్'లో బి ఎందుకుందో 'డెబిట్ కార్డు' చెబుతుంది, రెండూ లాటిన్ 'డెబిటుమ్'తో ముడిపడినవే. 'సెపరేట్'లో పి తర్వాత ఎ రాయాలా ఇ రాయాలా అన్న సందేహానికి 'ప్రిపేర్' సమాధానం, ఎందుకంటే రెండింటిలోనూ లాటిన్ 'పరారే' ఉంది. హల్లు రెట్టింపు కావడానికీ కారణముంది: 'బిగిన్'లో ఊనిక చివర పడుతుంది కాబట్టి 'బిగినింగ్'లో రెండు ఎన్‌లు, 'ఓపెన్'లో ఊనిక మొదట పడుతుంది కాబట్టి 'ఓపెనింగ్'లో ఒక్కటే.

తప్పు రాసిన మాటను యాభై సార్లు రాయించే శిక్షను మాత్రం దయచేసి ఇంట్లోకి రానివ్వకండి. పదోసారికే చెయ్యి దానంతటది కదులుతుంది, దృష్టి అక్షరాల మీద ఉండదు. పదాన్ని చూసి, పైకి పలికి, పుస్తకం మూసి, ఒక్కసారి రాసి, తప్పిన అక్షరం దగ్గర గీత గీసుకోవడం అంతకంటే ఎక్కువ ఫలితమిస్తుంది. క్లాట్‌లో స్పెల్లింగును విడిగా పరీక్షించరు కానీ, పదో తరగతిలో, ఇంటర్‌లో, ఆ తర్వాత న్యాయవాదిగా రాసే ప్రతి పిటిషన్‌లో అది కావాలి.

మీకు ఇంగ్లీషు రాకపోవడం ఇందులో అడ్డంకి కాదు. వారానికి రెండు మూడు సాయంత్రాలు ద్విభాషా పుస్తకంలోని తెలుగు పేజీ నుంచి నాలుగైదు వాక్యాలు మీరు నెమ్మదిగా చదవండి. ఆమె వాటిని ఇంగ్లీషులో చెప్పి, రాసి, ఎదుటి పేజీతో తనే సరిచూసుకోవాలి. తేడా వచ్చిన మాటలే ఆ వారం నోటుపుస్తకంలోకి ఎక్కాలి. పుస్తకంలో లేకపోయినా సరైనదే అనిపించిన వాక్యాన్ని కొట్టేయకుండా మరునాడు ఇంగ్లీషు ఉపాధ్యాయులకు చూపించమనండి.