పాఠకుల ప్రశ్నలు: యానిమే అయిపోయింది, ఇక వెబ్ నవలేనా?

ప్రశ్న: నాలుగేళ్లుగా యానిమే (జపాన్ యానిమేషన్ సీరియళ్లు) చూస్తున్నాను. చీకటి కథలంటే మరీ ఇష్టం. మా బ్యాచ్‌లో అందరూ డార్క్ ఫాంటసీ (మంత్రాలూ భయాలూ కలిసిన చీకటి కథలు) వెబ్ నవలలు చదవమంటున్నారు. బొమ్మ లేదు, పాట లేదు, ఫైటు కంటికి కనబడదు. మరందులో ఏటుంది?
– డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: మీరు చూసిన యానిమేల్లో చాలావాటికి పుట్టిల్లు నెట్‌లో అధ్యాయాలుగా వచ్చే ఈ వెబ్ నవలే. ఎవరైనా కథ రాసి ఉచితంగా పెట్టుకునే 'షోసెత్సుకా ని నారో' అనే జపాన్ వెబ్‌సైటు 2004లో మొదలైంది. 'రీ:జీరో' 2012లో అక్కడే ధారావాహికగా మొదలై, 2014లో పుస్తకంగా అచ్చయి, 2016లో యానిమే అయింది. 'సోలో లెవలింగ్' కొరియాలో 2016లో వెబ్ నవలగా పుట్టి, 2018లో బొమ్మల కథగా మారి, 2024లో తెరకెక్కింది. మీరు చూసింది మూడో రూపం. మీవాళ్లు చదవమంటున్నది మొదటిది.

యానిమే ఒక భాగం 24 నిమిషాలు. ముందు పాట, వెనక పాట తీసేస్తే 21. అంతలో కథ ఇమడాలంటే ఏదో ఒకటి కోసెయ్యాలి. ఫైటును ఎవరూ కొయ్యరు, కోత పడేది ఆలోచనకు. డార్క్ ఫాంటసీకి ప్రాణం అక్కడే ఉంటుంది. 'రీ:జీరో'లో హీరో చచ్చిపోయి వెనక్కి వస్తుంటాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేడు. చెప్పబోతే కనబడని చెయ్యి ఒకటి గుండెను పట్టుకుని నలుపుతుంది. తెర మీద నల్లటి వేళ్లు వస్తాయి, అతను వణుకుతాడు, సీను మారిపోతుంది. అక్షరంలో మీరు అతని లోపలే ఉంటారు. ఏ మాటతో మొదలుపెడితే ఎదుటివాళ్లు నమ్ముతారో అన్న లెక్క, నోరు తెరిచేలోపే వచ్చిపడే భయం, చెప్పకుండా ఊరుకున్నందుకు తనమీద తనకే రోత. ఆ భయంలో మీరు ఎంతసేపు ఉండాలో రచయిత చేతిలో ఉంది, ఎడిటింగ్ టేబుల్ చేతిలో లేదు.

రెండోది, శక్తికి వెల. మామూలు షోనెన్ (కుర్రాళ్ల కోసం రాసే సాహస) కథలో హీరో అరిస్తే కొత్త శక్తి వస్తుంది. మంచి డార్క్ ఫాంటసీలో దేనికైనా బిల్లు కట్టాలి. చైనా వెబ్ నవల 'లార్డ్ ఆఫ్ మిస్టరీస్' (2018–2020) ఇందుకు గట్టి ఉదాహరణ. అందులో శక్తి కావాలంటే పానీయం తాగాలి. మెట్లు 9 నుంచి 0 దాకా, అంకె తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది. తాగితే సరిపోదు. ఆ పానీయం పేరుకు తగ్గట్టు నడుచుకుంటూ దాన్ని నెమ్మదిగా అరిగించుకోవాలి. 'విదూషకుడు' అనే పానీయం తాగినవాడు లోపల ఏడుస్తున్నా పైకి నవ్వాలి. అరగకముందే పై మెట్టుది తాగితే మతి తప్పుతుంది, లేదా మనిషి మనిషిగా మిగలడు. ఇన్ని నియమాలు తెర మీద చెప్తే పాఠం విన్నట్టుంటుంది. చదువుతుంటే మాత్రం మీరే ముందుగా లెక్కలు కట్టి, 'వీడు ఇప్పుడు తాగకూడదే' అని కంగారుపడతారు.

ఆ కథలోనే హీరోకు మొదటి శత్రువు దెయ్యం కాదు, ఇంటి అద్దె. 12 పెన్సులు ఒక సోలి, 20 సోలీలు ఒక పౌండు. రొట్టె ఖరీదు, వారం జీతం, బండి ఛార్జీ అన్నీ తొలి అధ్యాయాల్లోనే లెక్కలతో సహా వస్తాయి. అంత పేదరికం చూపించాక చేతికొచ్చిన శక్తి బరువే వేరు.

వారం వారం 'సశేషం' కోసం కాచుకోవడం మనకు కొత్తేం కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు, వాటిలో మంత్రగాళ్లకు, భీకర జంతువులకు కొదవే లేదు. ఒక్క మాట. మీకు యానిమేలో నచ్చేది కేవలం కత్తి తిరిగే తీరూ, సంగీతమూ అయితే నవల జోలికి పోకండి, వారంలో వదిలేస్తారు.

ప్రశ్న: 'సోలో లెవలింగ్' రెండు సీజన్లూ చూసేశాను. నవల ఎక్కడ నుంచి అందుకోవాలి? వేలకొద్దీ అధ్యాయాలున్న కథలు ఎలా పూర్తవుతాయి?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: మొదటి అధ్యాయం నుంచే. యానిమే ఆగినచోట అందుకుంటే పేర్లు తెలుస్తాయి గానీ, తెర మీదికి రాని చిన్న విషయాలు తర్వాత పెద్ద మలుపులకు ఆధారమైతే మీకు అందవు. తెలిసిన కథ కాబట్టి మొదట్లో వేగంగానే సాగుతుంది.

లెక్క చూద్దాం. అధ్యాయం ఇంగ్లిష్‌లో 2,000 మాటలనుకోండి, నిమిషానికి 150 మాటలు చదివితే 13 నిమిషాల పైచిలుకు. వెయ్యి అధ్యాయాలకు దాదాపు 220 గంటలు. రోజుకు 40 నిమిషాల చొప్పున పదకొండు నెలలు. పలాస పాసింజర్లో రోజూ విశాఖ వెళ్లొచ్చేవారికి ఇదేం పెద్ద లెక్క కాదు. ఉదయమే అయిదారు అధ్యాయాలు డౌన్‌లోడ్ చేసిపెట్టుకుంటే దారిలో సిగ్నల్ పోయినా బెంగ లేదు, ఉత్త అక్షరాలకు డేటా పెద్దగా ఖర్చు కాదు.

ముప్పై అధ్యాయాలు ఓపిక పట్టండి. రోజువారీ రాసేవాళ్లకు మొదట్లో చెయ్యి తిరగదు, తొలి అధ్యాయాలు తడబడతాయి. ముప్పై దాటినా హీరో తప్ప ఇంకో మనిషి గుర్తుండకపోతే వదిలెయ్యండి. ఇంకోటి, ఎప్పుడూ అధ్యాయం చివర ఆపకండి. చివర కొక్కెం పెట్టేదే మిమ్మల్ని తర్వాతి దానిలోకి లాగడానికి. సగంలో, ఎవరో భోంచేస్తున్నచోట ఆపితే హాయిగా నిద్రపడుతుంది.

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ నవల మొబైల్లో తెలుగులోకి మార్చి చదువుతుంటే ఎవరు ఎవర్ని చంపారో అర్థం కావట్లేదు.
– నరసన్నపేట

జవాబు: తప్పు మీది కాదు. చైనీస్‌లో 'అతను', 'ఆమె' అన్నవాటికి పలికే తీరు ఒకటే, కొరియన్‌లో కర్తను చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. అక్కడి నుంచి యంత్రం ఇంగ్లిష్‌లోకి మార్చినప్పుడే సగం తప్పులు చేరతాయి. దాన్ని మళ్లీ తెలుగు చేస్తే క్రియ చివర 'డు', 'ది' తారుమారై చంపినవాడు చచ్చినదవుతుంది. తొలి మూడు అధ్యాయాల్లో ఒకే మనిషి పేరు రెండు రకాలుగా కనిపించినా, ఆడామగా మారిపోయినా అది మనిషి చేసిన అనువాదం కాదని గ్రహించి పక్కన పెట్టెయ్యండి. మనిషి అనువదించిన ఇంగ్లిష్ ప్రతి తీసుకుని, తెలియని మాట మీద వేలు నొక్కి అర్థం చూసుకుంటూ చదవండి. పేజీ మొత్తం మార్చకండి. 'చీకటి', 'శాపం', 'మంత్రగత్తె' లాంటి మాటలే తిరిగి తిరిగి వస్తాయి కనక ఇరవై అధ్యాయాలయ్యేసరికి నిఘంటువుతో పని తగ్గుతుంది. అదీ కష్టమనిపిస్తే ముందు బొమ్మల కథ చదివి, తర్వాత నవల పట్టండి.

ప్రశ్న: మా వోడు తొమ్మిదో తరగతి. రాత్రి పన్నెండయినా ఫోన్లో అక్షరాలే చదువుతున్నాడు. చదువే కదా అని ఊరుకున్నాను గానీ, మొన్న ఏవో కాయిన్లు కొనమన్నాడు. ఇదేటి యవ్వారం?
– ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, చాలా యాప్‌లలో మొదటి కొన్ని అధ్యాయాలు ఉచితం. కథ రసపట్టులో పడ్డాక తాళం వేస్తారు, ఒక్కో అధ్యాయానికి ఇన్ని కాయిన్లని. ఆ కాయిన్లు అసలు డబ్బు పెట్టి యాప్‌లో కొనాలి. అధ్యాయం పెద్దదైతే కొన్నిచోట్ల కాయిన్లూ ఎక్కువే. చూడ్డానికి ఒక్కోటి రెండు మూడు రూపాయలే. మూడు రూపాయల చొప్పున 900 అధ్యాయాలకు 2,700. కొనే ముందు తాళం ఎన్నింటికి ఉందో లెక్కపెట్టించండి, వాడి చేతే. అదే కథ ఈ-బుక్కుగానో, అచ్చు పుస్తకంగానో వచ్చి ఉంటే చాలాసార్లు అదే చవక. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. మీ యూపీఐ యాప్‌లో 'ఆటోపే' (డబ్బు తనంతట తానే కట్ అయ్యే ఏర్పాటు) తెరిచి, మీకు తెలియనిది ఏదైనా ఉంటే రద్దు చెయ్యండి.

డబ్బుకన్నా ముఖ్యం, ఏ కథ అన్నది. డార్క్ ఫాంటసీ అన్న పేరు కింద నెత్తురు, ఆత్మహత్య, కొన్నింట్లో లైంగిక హింస కూడా ఉంటాయి. కథ పేరు కింద ట్యాగులుంటాయి, వయసు హెచ్చరిక ఉంటుంది, చూడండి. 'మెచ్యూర్' అనో '18 ప్లస్' అనో ఉంటే తొమ్మిదో తరగతికి వద్దు, అంతే. ట్యాగులు రాయనివాళ్లూ ఉంటారు కాబట్టి అన్నం తినేటప్పుడు 'ఎంతవరకు వచ్చింది కథ?' అని అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే ఆ అధ్యాయం మీరూ చదవండి. రాత్రి పదికి ఫోన్ హాల్లో ఛార్జింగుకు పెట్టాలి, మీదీ వాడిదీ కూడా.

ప్రశ్న: తెలుగులో నేనే ఒక డార్క్ ఫాంటసీ ధారావాహిక మొదలుపెడదామనుకుంటున్నాను. ఎలా?
– విజయనగరం

జవాబు: 'కింగ్‌డమ్', 'డంజన్' అరువు తెచ్చుకోకండి. వంశధార ఒడ్డున సాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. 1757 నాటి బొబ్బిలి కోట యుద్ధం ఉంది. నేలమాళిగకూ, శాపానికీ ఇంతకన్నా ఏం కావాలి?

ముందు శక్తి నియమం ఒక్క వాక్యంలో రాయండి, వెల కూడా అదే వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు, దీపం వెలిగించినప్పుడల్లా చచ్చినవాళ్లు మాట్లాడతారు, వెలిగించినవాడు తనకు కావలసిన ఒకరి మొహం మరిచిపోతాడు. అయిదో అధ్యాయంలోపు ఆ వెల ఒకసారి కళ్లకు కట్టాలి, లేకపోతే పాఠకుడు అది ఉత్త బెదిరింపనుకుంటాడు. ఇలాంటి కథలు ఎక్కువగా చెడేది యాభై అరవై అధ్యాయాల దగ్గర. హీరో బలం పెరిగిపోతుంది, రచయిత వెల సంగతి మరిచిపోతాడు. పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఏ అధ్యాయంలో దీపం వెలిగింది, ఎవరి మొహం పోయింది అని రాసుకోండి. పోయిన మొహం పొరపాటున కూడా మళ్లీ గుర్తు రాకూడదు.

అధ్యాయం వెయ్యి మాటలు చాలు. పదిహేను అధ్యాయాలు చేతిలో ఉంచుకున్నాకే మొదటిది బయటపెట్టండి, వారానికి రెండు. రోజూ ఇస్తానని మాట ఇవ్వకండి, జ్వరం వచ్చిన వారమే కథ గాడి తప్పుతుంది. ఏ యాప్‌లోనైనా 'ఎక్స్‌క్లూజివ్' (కథ వాళ్లకొక్కరికే ఇచ్చే) ఒప్పందానికి సరేనని నొక్కే ముందు ఆడియో, అనువాద, సినిమా హక్కులు ఎవరికి పోతున్నాయో, ఎన్నేళ్లకో చదవండి. గడువు రాసి లేకపోతే సంతకం వద్దు.