ప్రోగ్రెసివ్ రాక్‌లో తాళం ఎక్కడ దాక్కుంటుంది?

ప్రోగ్రెసివ్ రాక్ (పొడవాటి పాటలు, చిక్కు లెక్కలతో సాగే రాక్ సంగీతం) ఎన్నిసార్లు విన్నా తాళం చేతికి దొరకడం లేదు, అంత చిక్కుగా ఎందుకు చేస్తారు, అందులో నిజంగా సరుకుందా లేక ఉత్త డాబా అని అడిగారు. నేను పండితుణ్ణి కాదు. చిన్నప్పుడు హనుమకొండలో మృదంగం నేర్చుకున్నాను. తర్వాత చాలా ఏళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్స్, రిథమ్ ప్యాడ్ వాయించాను. ఈ రాక్ పిచ్చి మాత్రం కాజీపేటలో ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్ల గదుల్లో అంటుకుంది. కాబట్టి నా జవాబు తాళం వైపు నుంచే మొదలవుతుంది. గిటార్ వాళ్లను అడిగితే వేరే దారిన వస్తారు.

ఎవరిని అడిగినా ముందు చెప్పేది బేసి లెక్కల గురించే. మామూలు పాట నాలుగులో నడిస్తే వీళ్లు ఐదులో, ఏడులో, తొమ్మిదిలో నడుపుతారు, అందుకే కష్టం అంటారు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఆ మాట చెల్లుతుందేమో. మన దగ్గర చెల్లదు. మన తాళాల్లో ఖండచాపు ఐదు, మిశ్రచాపు ఏడు. సంగీతం క్లాసుకు వెళ్లే పదేళ్ల పిల్ల కూడా ‘తకిట తకధిమి’ అంటూ ఏడు వేసేస్తుంది. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ వాళ్ల ‘మనీ’ (1973) పాటే చూడండి. మొదట్లో చిల్లర గలగల, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత వస్తాయి కదా. ఒక్కో చప్పుడు రికార్డయిన టేపు ముక్కను స్కేలు పెట్టి కొలిచి, అన్నీ ఒకే పొడవుండేలా కత్తిరించి, అతికించి, ఏడు దెబ్బల చుట్టుగా తిప్పారు. అంటే ఆ చిల్లరే మనకు తాళం వేసి చూపిస్తోంది. తర్వాత బేస్ గిటార్ అదే ఏడు మీద ఎక్కుతుంది. గిటార్ సోలో దగ్గర నాలుగుకు మారి, మళ్లీ ఏడుకు వస్తుంది. సంగీతం అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ పాట కూనిరాగం తీస్తారు. ఏడు కాబట్టి కష్టం అయ్యేదుంటే అది జరిగేది కాదు.

మరి కష్టం ఎక్కడొస్తుంది? నా లెక్కలో, తాళం కనబడకపోవడం దగ్గర.

మన సంగీతంలో తాళం అందరి ముందూ ఉంటుంది. కచేరీలో పాడే మనిషి తొడ మీద చేత్తో వేస్తూనే ఉంటారు. ముందు వరసలో కూర్చున్న తాతలు కూడా వేస్తారు. బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల చప్పట్లే తాళం. ఇక బరాత్‌లో తీన్మార్ మొదలైతే, మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో చంకలో పిల్లాడికి కూడా తెలుస్తుంది, డప్పు వాళ్లు దాన్ని అంత గట్టిగా కొడతారు. ఆర్కెస్ట్రాలో మేము నేర్చుకునే మొదటి పాఠం కూడా అదే: ఏం చేసినా చెయ్యి, ఆ ‘ఒకటి’ని మాత్రం దాచకు, దాచావంటే ఆడేవాళ్లు ఆగిపోతారు. ప్రోగ్రెసివ్ రాక్‌లో ఆ ఒకటిని దాచడమే ఆట.

జెనెసిస్ బ్యాండ్‌కు 1972లో ‘సపర్స్ రెడీ’ అని 23 నిమిషాల పాట ఉంది. ఏడు భాగాలు. ఆరో భాగం పేరులోనే 9/8 అని పెట్టుకున్నారు. కింద బేసూ గిటారూ 3+2+4గా తొమ్మిది తిప్పుతుంటాయి. మన నోటితో చెప్పాలంటే ‘తకిట తక తకధిమి’. ఇంతవరకు బాగానే ఉంది, కాసేపు వింటే చేతికి వచ్చేస్తుంది. దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ ఎత్తుకుంటాడు. ఆయన కింద తొమ్మిది నడుస్తున్న సంగతే పట్టనట్టు తన వాక్యాలు తాను కట్టుకుంటూ పోతాడు. ఒక చోట నాలుగులా వినిపిస్తుంది, ఇంకోచోట మరోలా. మీ చేయి ఆర్గన్ వెంట పోయిందంటే బేస్ జారిపోతుంది. బేస్‌ను పట్టుకుంటే ఆర్గన్ ఎక్కడుందో అంతు చిక్కదు.

మృదంగం వాళ్లు తని ఆవర్తనంలో (కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగంలో) చేసేది ఇదే కదా అంటారు. నిజమే, ఎనిమిది దెబ్బల ఆదితాళం మీద ఖండగతి (దెబ్బకు ఐదు చొప్పున) వేసి అరగంట తిప్పుతారు. కానీ అప్పుడు గాయకుడి చేయి ఆగదు. ఆ చేయి చూస్తూ వింటాం కాబట్టే ముక్తాయింపు (ముగింపు లెక్క) సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వచ్చి పడగానే అందరూ ‘భళా’ అంటారు. జెనెసిస్ రికార్డులో ఆ చేయి లేదు, వేసుకుంటే మీరే వేసుకోవాలి.

దీనికన్నా ఒక మెట్టు పైన కింగ్ క్రిమ్సన్ బ్యాండ్ ఉంటుంది. 1981లో వచ్చిన ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ పాటలో రాబర్ట్ ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ ఇద్దరివీ గిటార్లే. ఏడు లెక్కలో రెండు చుట్లు, అంటే 14 స్వరాల వరసను ఇద్దరూ కలిసి వాయిస్తారు. తర్వాత ఒకరు చివరి స్వరం వదిలేసి 13తో తిరగడం మొదలుపెడతారు, రెండోవారు 14లోనే ఉంటారు. చుట్టు చుట్టుకూ ఒక్కో స్వరం ఎడం పెరుగుతుంది. కాసేపటికి రెండు గిటార్లు ఎనిమిది గిటార్లలా వినిపిస్తాయి. మనం కోర్వై (ముగింపు కోసం కట్టే లయ వరస) కట్టేది చివరికి సమానికి చేరడానికి. అక్కడ జారడమే సంగీతం.

ఇది చెవితో కన్నా నోటితో బాగా అర్థమవుతుంది. జనగామలో ప్రోగ్రాం ముగించుకుని వ్యాన్‌లో వస్తూ మా కీబోర్డు అతనూ నేనూ దీని మీద పడేవాళ్లం. ఒకరు ‘తకిట తకధిమి తకిట తకధిమి’ (14) అనాలి. ఇంకొకరు ‘తకిట తకధిమి తకిట తకిట’ (13) అనాలి. ఒకే వేగం, ఒకరినొకరు ఆపకూడదు. మొదటి చుట్టు హాయిగా ఉంటుంది. మూడో చుట్టుకు అవతలి వాడి ‘ధిమి’ మీ నోట్లోకి దూరుతుంది. వెనక సీట్లో పడుకున్న గాయని లేచి మమ్మల్ని తిట్టేది.

కొన్నిసార్లు లెక్క బయటి నుంచి వస్తుంది. కెనడా బ్యాండ్ రష్ 1981లో ‘వై వై జెడ్’ అని మాటల్లేని పాట చేసింది. అది టొరంటో విమానాశ్రయం కోడ్. ఆ మూడక్షరాల మోర్స్ కోడే (టెలిగ్రాఫ్‌లో అక్షరాలను చుక్కలు, గీతలుగా కొట్టే పద్ధతి) పాట మొదలు. గీతను ‘తాం’ అని రెండు మాత్రలు, చుక్కను ‘త’ అని ఒక మాత్ర అనుకోండి. వై అంటే తాం త తాం తాం, ఏడు. ఇంకో వై, మరో ఏడు. జెడ్ అంటే తాం తాం త త, ఆరు. మొత్తం 20 మాత్రలు, అంటే నాలుగేసి మాత్రల దెబ్బలు ఐదు. ఖండజాతిలో చతురశ్ర గతి అని మన వాళ్లు చెప్పుకోవచ్చు. కాజీపేట జంక్షన్‌లో టెలిగ్రాఫ్ మీద పని చేసి రిటైరయిన మా మామకు ఇది వినిపించాను. తాళం గీళం ఆయనకు తెలియదు. విని, “ఇదేందిరా, వై వై జెడ్ అని కొడుతున్నడు, ఏ స్టేషనిది?” అన్నాడు. కె జెడ్ జె అంటే కాజీపేట అని జీవితమంతా విన్న చెవి మరి. ఒకరికి అంతుచిక్కని లయ, ఇంకొకరికి ఊరి పేరు.

ఇక తాళం దొరికినా పాట దొరకని సందర్భం ఒకటుంది. మనలాంటి వాళ్లకు అసలు కష్టం ఇక్కడే అని నేననుకుంటాను. శ్రుతిపెట్టె మోగుతూ ఉండగా పెరిగిన చెవులు మనవి. కచేరీ మొదలైన దగ్గర్నుంచి మంగళం దాకా షడ్జమం (ఆధార స్వరం ‘స’) కదలదు. సినిమా పాటలు మనకు కార్డులను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను) అలవాటు చేశాయి గానీ, అవీ నాలుగైదు నిమిషాల్లో బుద్ధిగా పల్లవికి తిరిగొస్తాయి. ప్రోగ్రెసివ్ రాక్‌లో ఇల్లు మారినట్టు షడ్జమం మారిపోతూ ఉంటుంది.

దగ్గర్లో హార్మోనియం ఉంటే ఒకటి చేసి చూడండి. స, అంతర గాంధారం (రెండు ‘గ’ల్లో పైది), ప ఒకేసారి నొక్కండి. నిండుగా, సంతోషంగా ఉంటుంది. గాంధారాన్ని సాధారణానికి (కింది ‘గ’కు) దించితే దిగులు వస్తుంది. ఇప్పుడు స, శుద్ధ మధ్యమం (కింది ‘మ’), కైశికి నిషాదం (కింది ‘ని’) నొక్కండి. గాంధారమే లేదు కాబట్టి సంతోషమో దిగులో చెవికి తేలదు. ఆ మూడింటినీ అదే దూరంతో పైకీ కిందికీ జరుపుతూ పోతే షడ్జమం ఏదో కూడా తెలియకుండా పోతుంది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ వాళ్ల ‘టార్కస్’ (1971) మొదలు ఇలాంటి పేర్పుల మీదే నడుస్తుంది, అదీ ఐదు లెక్కలో, అదీ పరుగు మీద. తాళం, శ్రుతి రెండూ ఒకేసారి కాళ్ల కింద నుంచి లాగేస్తారన్నమాట. ఏదో ఒకటి స్థిరంగా ఉంటే రెండోదాన్ని ఎలాగో పట్టుకుంటాం.

పొడవు సంగతి పెద్దగా పట్టించుకోకండి. ఎల్పీ రికార్డు ఒక వైపు 20 నిమిషాలకు పైగా పడుతుంది కాబట్టి ఆ వైపంతా ఒకే పాటతో నింపారు. జెత్రో టల్ అయితే 1972లో రెండు వైపులా కలిపి ఒకటే పాట పెట్టింది. కొమురవెల్లి మల్లన్న ఒగ్గుకథ రాత్రంతా కూర్చుని విన్న ఊళ్లు మనవి, నలభై నిమిషాలకు భయపడతామా? తేడా ఏమిటంటే ఒగ్గుకథలో కథ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, కునికిపాటు పడి లేచినా ఎక్కడున్నామో తెలుస్తుంది. ఇక్కడ మాటలు చాలాసార్లు అయోమయంగా ఉంటాయి (చాలావరకు అవి అంత గొప్పగా కూడా ఉండవు, నిజం చెప్పుకుందాం). ఎప్పుడో వచ్చిన బాణీని మీరే గుర్తుపెట్టుకుంటే తప్ప, పది నిమిషాల తర్వాత అది వేషం మార్చుకుని వచ్చినప్పుడు పోల్చుకోలేరు.

డాబు సంగతికి వస్తాను. ఉంది, లేదనను. డ్రీమ్ థియేటర్ 1999లో చేసిన ‘డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ ఆరు నిమిషాల పైచిలుకు, అందులో లెక్క వందసార్లకు పైగా మారుతుంది. డ్రమ్మర్‌గా నాకు అది చూస్తే నోరు తెరుచుకుంటుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకుని వినాలని మాత్రం ఎప్పుడూ అనిపించదు. వాయించేవాళ్లకు పండగ, వినేవాళ్లకు పరీక్ష. 70ల చివర్లో బ్రిటన్‌లో సాదా రాక్ వాయించే పంక్ కుర్రాళ్లు మూడు కార్డులతో వచ్చి వీళ్లను ఎగతాళి చేశారంటే అందులో కొంత న్యాయం ఉంది.

కానీ కింగ్ క్రిమ్సన్‌దే ‘స్టార్‌లెస్’ (1974) వినండి. 12 నిమిషాలు. మధ్యలో మాటలు ఆగిపోయాక బేస్ 13 లెక్కలో ఒక ముక్కను పట్టుకుని తిప్పుతూనే ఉంటుంది. దాని మీద గిటార్ చేసేదేమిటో తెలుసా? ఒక్క స్వరం. అదే స్వరం మళ్లీ మళ్లీ. కాసేపటికి కొంచెం పైకి, ఇంకాసేపటికి ఇంకొంచెం పైకి. నిమిషాల తరబడి అంతే. పిల్లాడైనా వాయించగలడు. అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేరు, ఎందుకంటే 13 ఎక్కడా సాఫీగా మూత పడదు, ఆ స్వరం ఎక్కడా దిగదు. చివరికి మొదట్లో నెమ్మదిగా విన్న బాణీ పూర్తి బలంతో తిరిగొచ్చినప్పుడు కలిగే ఊరట కోసమే అదంతా. లెక్క తెలియనివాళ్ల మీద కూడా ఇది పని చేస్తుంది. అలా పని చేసినప్పుడు దాన్ని డాబు అనలేను.

మీకు తాళం దొరకడం లేదన్నారు కాబట్టి ఒక చిట్కా. డ్రమ్స్‌ను నమ్మకండి, డ్రమ్మరే అందరికన్నా ఎక్కువ దాస్తాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ గిటార్‌ను పట్టుకోండి. దాని వరస ఎక్కడ మొదటికి వస్తుందో చూడండి. నాలుగులో ఇరికించాలని చూడకుండా, ఆ వరసను తకిట, తకధిమి ముక్కలుగా నోటితో అనేయండి, తర్వాత తీరిగ్గా కూడుకోవచ్చు. ముందు ‘మనీ’, తర్వాత ‘వై వై జెడ్’, ఆ తర్వాత ‘స్టార్‌లెస్’. షడ్జమం కదిలితే తల తిరుగుతోంది అనుకుంటే మధ్యలో బెంగళూరు బ్యాండ్ అగంను వినండి. మనకు తెలిసిన కీర్తనలనే రాక్‌లో కడతారు కాబట్టి రాగం మీకు ఆసరాగా ఉంటుంది. ‘సపర్స్ రెడీ’ని సెలవు రోజుకు ఉంచుకోండి. ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’ ఒక్కరే లెక్కపెట్టకండి, దానికి 14 పట్టుకునే మనిషి ఇంకొకరు పక్కన కావాలి.