రొడీషియాకి రెండుసార్లు స్వాతంత్ర్యం ఎలా వచ్చింది? – సమాధానం

రొడీషియాకి (ఇప్పటి జింబాబ్వే) 1965లోనే స్వాతంత్ర్యం వస్తే 1980లో మళ్లీ ఎలా వచ్చిందని మీ చార్టు చూపించి అడిగారు. తేడా వచ్చింది 1965 దగ్గరే. ఆ నవంబర్ 11ని మీ చార్టులో ‘బ్రిటన్ స్వాతంత్ర్యం ఇచ్చిన రోజు’ అని రాసుకున్నారు, అందుకే 1980 గడి దగ్గర ఆగిపోయారు. బ్రిటన్ ఇవ్వలేదు. అక్కడి తెల్లవాళ్ల ప్రధాని ఇయాన్ స్మిత్ ప్రభుత్వం తనంతట తానే ప్రకటించుకుంది. తమాషా ఏమిటంటే, ఆ సంతకం పెట్టింది గోడకున్న ఎలిజబెత్ రాణి ఫొటో కిందే!

ఇలా దిద్దుకోండి:

1. 1965: ‘ఏకపక్ష ప్రకటన’. బ్రిటన్ గానీ ఐక్యరాజ్యసమితి గానీ ఒప్పుకోలేదు.

2. 1970 మార్చి: రిపబ్లిక్. ఒక్క లైను చాలు.

3. 1979 జూన్: పేరు జింబాబ్వే రొడీషియా, ప్రధాని బిషప్ ముజోరెవా. నల్లజాతి ప్రధాని వచ్చినా, తెల్లవాళ్ల పాలన మీద ఆయుధాలతో పోరాడుతున్న ముగాబే, ఎన్‌కోమోల పార్టీలు ఆయన్ని గెలిపించిన ఎన్నికల్లో లేవు. యుద్ధం ఆగలేదు.

4. 1979 డిసెంబర్: అందరూ వదిలేసేది ఇదే. ఆ యుద్ధం ఆపడానికి లండన్‌లో లాంకస్టర్ హౌస్ చర్చలు జరుగుతుండగానే దేశం మళ్లీ బ్రిటిష్ వలస అయింది. 12న లార్డ్ సోమ్స్ బ్రిటిష్ గవర్నర్‌గా రాజధాని సాలిస్‌బరీలో దిగాడు. ఒప్పందం మీద సంతకాలు 21న. అంటే స్మిత్ లాగేసుకున్న అధికారం ముందు బ్రిటన్ చేతికి తిరిగి వెళ్లింది. చేతిలో లేనిది ఎవరైనా ఎలా ఇస్తారు? ఈ గడి విడిగా పెట్టండి.

5. 1980 ఫిబ్రవరి ఎన్నికలు: 100 సీట్లలో 20 తెల్లవాళ్లకి, మిగతా 80లో ముగాబే పార్టీకి 57. ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం.

అన్నట్టు, ఆ చివరి గడిలో రాజధాని హరారే అని రాశారు. 1982 దాకా దాని పేరు సాలిస్‌బరీయే.